రాగిరేకులపై హతసాక్షులు

ఈ వేసవిలో మా ఆలమూరి పాఠశాలలోని నా సహోపాధ్యాయు లొకరు ఒక పటమును మా యింటికి తెచ్చి చూపిరి. వారి భార్యది పాలమూరు సీమ; ఆమె పుట్టినింటివారు మెన్నొనైటు క్రైస్తవ సంఘమునకు చెందినవారు. ఆ యింటి గోడపై చిరకాలముగా నున్న పటమునకు ప్రతి తీయించి యామె తన వెంట తెచ్చుకొన్నది. అందు రంగులు లేవు. తెల్లని కాగితముపై నల్లని గీతలు మాత్రమే. గడ్డకట్టిన నీటిమీద మంచు విఱిగి యొకడు మునుగుచున్నాడు. వేఱొకడు అంచునకు వంగి రెండు చేతులును వాని కందించుచున్నాడు. వెనుక ఆకు రాలిన చెట్లు. "వీరిలో నొకడు చెఱ తప్పించుకొని పాఱిపోవుచున్నవాడు, రెండవవాడు వానిని తఱుముకొని వచ్చిన భటుడు" అని మిత్రులు చెప్పిరి. పదునొకండేండ్ల మా చిన్నమ్మాయి పటమును చాలసేపు చూచి, "అయితే నీళ్ళలో పడినవాడే పాఱిపోవుచున్నవాడు, చేయి చాచినవాడు భటుడు. అంతే కదా, మాస్టారూ?" అని యడిగినది. మిత్రులు తల యూపి, "కాదమ్మా, తాఱుమాఱు" అనిరి.

పిల్ల పొరపాటులో వింత లేదు. లోకములో మనము చూచునది యట్లే యున్నది. పట్టుకొన వచ్చినవాడు చేయి చాచును, పాఱిపోవువాడు పడిపోవును. ఆ పటము తలక్రిందులుగా నున్నట్లు తోచుటకు కారణమేమో, అట్టి పటములు పుట్టిన కాలమెట్టిదో, అవి మన తెలుగు గడ్డకు సంబంధించిన దెట్లో విచారించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

మతవిశ్వాసమును విడువక ప్రాణములు విడిచినవానిని తెలుగు క్రైస్తవులు హతసాక్షి యందురు. ఇది యెంతయు చక్కని సమాసము. దీనికి మూలమైన గ్రీకు పదమునకు సాక్షి యనియే యర్థము. చంపబడుట యన్న భావము తరువాత వచ్చి చేరినది. న్యాయస్థానములో సాక్షి యేమి చేయును? తాను కన్నదానిని చెప్పును. హతసాక్షి తన మరణముతో చెప్పును. కాని సాక్ష్యము చెప్పువా డొక్కడున్న చాలదు, వినువాడును కావలెను. వినువాడు లేని సాక్ష్యము అడవిలో కాచిన వెన్నెల. హతసాక్షుల చిత్రములను చేసినవారి శ్రమయంతయు చూచువారికొఱకే.

16వ శతాబ్దమున ఐరోపాలో క్రైస్తవము రెండుగా చీలెను. పూర్వాచారమును పట్టుకొనిన కతోలికులు ఒక వైపు, సంస్కరణమును కోరిన ప్రొటెస్టెంటులు ఒక వైపు. అచ్చుయంత్రము అంతకు ముందే పుట్టియున్నది. కావున ఆ కలహము కత్తులతో జరిగినంతగా కాగితములతోను జరిగినది. సంస్కారులలో కొందఱు దేవాలయములలోని ప్రతిమలను విగ్రహారాధనమని పగులగొట్టిరి. దానికి బదులుగా ట్రెంటు మహాసభ 1563లో ప్రతిమలు పామరులకు బోధ చేయుటకు తగినవని తీర్మానించినది. 1578లో రోమాపురి వెలుపల ద్రాక్షతోట త్రవ్వుచుండగా ప్రాచీన క్రైస్తవుల భూగర్భ సమాధులు బయల్పడినవి. తొలి శతాబ్దములలో రోమక చక్రవర్తులు చంపించిన భక్తుల కథలు మఱల ప్రాణము పోసికొన్నవి.

ఆ దినములలో రోములోని సాంటో స్టెఫానో రొటోండో యను గుండ్రని దేవాలయపు గోడల నిండ నికొలో సిర్చిన్యాని యను చిత్రకారుడు ఆ మరణములను వరుసగా చిత్రించెను. ఆ దేవాలయము యేసుసభవారి యధీనమున నుండెను. గోడపై ప్రతి హింసకును ఒక యక్షరపు గుర్తు. క్రింద ఆ గుర్తుల వివరణము. మన పాఠ్యపుస్తకములలో దేహభాగములను చూపు పటములవలె. దూరదేశములకు పోయి చావవలసివచ్చు ననుకొను యువకులు వానిని చూచుచు ధ్యానము చేసెడివారు. వెనువెంటనే కవలియేరి యనువాడు వానిని రాగిరేకులపై దింపి ముద్రించెను. గోడమీది బొమ్మ ఒక్క యూరికే చెందును. రేకుమీది బొమ్మ పెట్టెలో పడి సముద్రములు దాటును. 1591లో ఆంటోనియో గలోనియో హింసాసాధనముల గూర్చియే యొక గ్రంథము వ్రాసెను. టెంపెస్టా దానికి రేకులు చెక్కెను. చక్రము, కొక్కెము, కొలిమి, గానుగ ఒక్కొక్కటి ఎట్లు పనిచేయునో అందు చూడవచ్చును. చూచువానికి భక్తి కలుగునా, భయము కలుగునా, లేక హింసయందే యొక వింత రుచి కలుగునా యను ప్రశ్న అప్పుడే పుట్టినది, నేటికిని తీఱలేదు.

ఇంతకంటె పెద్ద ప్రశ్న వేఱొకటి కలదు. ఇంగ్లండులో జాన్ ఫాక్సు 1563లో ప్రొటెస్టెంటు హతసాక్షుల చరిత్రమును దారుఫలక చిత్రములతో ప్రకటించెను. అందు కతోలికులు నిప్పు పెట్టువారు. 1587లో రిచర్డు వెర్‌స్టెగన్ ఆంట్వెర్పు నగరమున వేఱొక చిత్రగ్రంథమును ప్రకటించెను. అందు ప్రొటెస్టెంటులు కడుపులు చీల్చువారు. ఈ రెండును అబద్ధము లనలేము. ఇరువైపులను జనులు చచ్చిరి. కాని ప్రతి పక్షమును తన పీనుగులనే లెక్కపెట్టుకొనెను. తన చేతి నెత్తురును ఏ రేకుపైనను చెక్కించుకొనలేదు. సాక్ష్యము అభియోగపత్ర మాయెను. తండ్రి చూపిన బొమ్మ కుమారునకు పగయై సంక్రమించెను. చనిపోయినవాడు శత్రువులను క్షమించి చనిపోయెనని క్రింద వ్రాసియున్నను, పైనున్న బొమ్మ మాత్రము క్షమింపవలదనియే చెప్పుచుండెను.

ఇచట ఆ విద్యను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పెడన అద్దకమువారి కొయ్య అచ్చు మన మెఱిగినదే. అందు ఉబ్బెత్తుగా నున్న గీతకు రంగంటును. ఫాక్సు గ్రంథములోని దారుఫలకములు అట్టివి. రాగిరేకు దీనికి వ్యతిరేకము. అందు పల్లములో నిలిచిన సిరాయే కాగితమున కెక్కును. మన కంసాలి నగపై నగిషీ చెక్కునట్లు సన్నని ఉలితో నేరుగా చెక్కుట యొక పద్ధతి. రేకుపై మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీచి, ఆమ్లములో ముంచుట రెండవ పద్ధతి. సూది తొలగించినచోట ఆమ్లము రాగిని తినును. పిమ్మట పూతను కడిగి, సిరా నింపి, పైభాగమును తుడిచి, తడి కాగితము పఱచి రెండు దొర్లు దిమ్మెల నడుమ గట్టిగా నొక్కుదురు. రేకుపై కుడిచేయిగా గీచినది కాగితముపై ఎడమచేయి యగును. కావున ఈ విద్యవాడు సర్వమును తాఱుమాఱుగా తలచి గీయవలెను.

17వ శతాబ్దమున ఈ విద్య పరాకాష్ఠ నందెను. ఆ కాలపు శైలిని బరోకు అందురు. వెలుగునీడల పోరాటము, మెలి తిరిగిన దేహములు, చూచువానిని లోపలికి లాగుకొను నుద్వేగము దాని లక్షణములు. రూబెన్సు చిత్రించిన సంతు లారెన్సు మరణమును 1621లో వోర్‌స్టెర్‌మన్ రేకున కెక్కించెను. 1624లో రిబేరా సంతు బర్తొలొమయి చర్మము నొలుచుటను చెక్కెను. ఇట్టి చిత్రములలో తఱచుగా దేహము నేలమీద, చూపు నింగిమీద నుండును. మేఘములలోనుండి దేవదూతలు కిరీటములు తెచ్చుచుందురు. చంపువారో, కండలు పెరిగిన చేతులే కాని మనుష్యులు కారు.

ఫ్రాన్సు సరిహద్దున లొరేను దేశస్థుడైన జాక్ కాలో వేఱొక దారి త్రొక్కెను. జపాను దేశమున నాగసాకి గుట్టమీద 1597 ఫిబ్రవరి 5వ తేదీని 26 మందిని సిలువ వేసి చంపిరి. అందు 23 మంది ఫ్రాన్సిస్కను సంఘమునకు చెందినవారు. 1627లో రోము వారిని ధన్యులని ప్రకటింపగా కాలో ఆ దృశ్యమును చిన్న రేకుపై చెక్కెను. వరుసగా సిలువలు, క్రింద ఇసుకవేసిన రాలనంత జనము. ఒక్కొక్క మొగము ఆవగింజంతయే. ఆ 23 మందిలో నొకడు మన దేశమువాడు. బొంబాయి చెంతనున్న వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. ఆయన తండ్రి పోర్చుగీసువాడు, తల్లి ఈ నేల ఆడుబిడ్డ. భరతఖండమున పుట్టినవాడొకడు జపానులో చచ్చి లొరేనులో రాగిరేకున కెక్కినాడన్న, ఆ కాలమున కాగితము ఎంత దూరము నడచెనో తెలియగలదు.

ఇక మా మిత్రులు తెచ్చిన పటము సంగతి. కతోలికులును ప్రొటెస్టెంటులును ఒక్క విషయమున మాత్రము ఏకీభవించిరి. పునర్బాప్తిస్మవాదులను ఉభయులును హింసించిరి. ఊహ తెలియని పసిబిడ్డకు బాప్తిస్మ మిచ్చుట చెల్లదనియు, ఎదిగినవాడు తానై యెఱిగి కోరినప్పుడే అది చెల్లుననియు వీరి సిద్ధాంతము. 1525లో జ్యూరిచి నగరమున ఈ మార్గము మొదలైనది. వీరు ఆయుధము పట్టరు, ప్రమాణము చేయరు. ఆ కాలమున ప్రభుత్వమంతయు ప్రమాణముమీదనే నిలిచియుండెను. పౌరుడు, సైనికుడు, సాక్షి, అధికారి అందఱును ప్రమాణబద్ధులే. కావున వీరి మతము రాజద్రోహముగా కనబడినది. 1527లో ఫెలిక్సు మాంజును జ్యూరిచిలో ఏటిలో ముంచి చంపించినది ప్రొటెస్టెంటు నగరసభ. 1529లో స్పైయెరు సభ వీరికి మరణదండనము విధించెను. తమ మతముపై నిర్బంధము తగదని కొందఱు రాజులు ఆ సభలోనే ఆక్షేపణ తెలిపి ప్రొటెస్టెంటు లను పేరు తెచ్చుకొనిరి. ఈ దుర్బలుల విషయమున మాత్రము వారును సమ్మతించిరి. తన స్వేచ్ఛకు పోరాడువాడు పరుని స్వేచ్ఛకు పోరాడునని నమ్మరాదు.

1536లో కతోలిక గురుత్వమును విడిచి వీరిలో చేరిన మెన్నో సైమన్సు పేర వీరికి మెన్నొనైటులని పేరు వచ్చెను. హాలండు దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వీరికి ఊఱట కలిగెను. కొందఱు వర్తకులై ధనవంతులైరి. పిల్లలు పెద్దల కష్టమును మఱచుచున్నారని డోర్డ్రెఖ్టు నగరమున బట్టల వర్తకము చేయుచు బోధకుడుగా నున్న టీలెమన్ వాన్ బ్రాఖ్టు చింతిల్లెను. ఆయన 1660లో హతసాక్షుల దర్పణమని ప్రసిద్ధమైన మహాగ్రంథమును ప్రకటించెను. 1685లో ఆమ్స్టర్డామునందు దాని రెండవ ముద్రణమునకు యాన్ లైకెన్ అను కవి, చిత్రకారుడు 104 రేకులు చెక్కెను. లైకెను యౌవనమున శృంగార గీతములు వ్రాసి, పిమ్మట భక్తిమార్గమున పడినవాడు. 1694లో తన కుమారునితో గూడి నూఱు చేతివృత్తులను బొమ్మలుగా గీచి ప్రకటించినవాడును ఇతడే. పని చేయు మనుష్యుని చేతులను అంత శ్రద్ధతో చూచినవారు అరుదు.

ఆ రేకులు ఆమ్లములో నానుచున్న దినములలో డచ్చివారు మన గోదావరి తీరమున లేకపోలేదు. 1605లోనే వారు మచిలీపట్టణమున దిగిరి. మా ఆలమూరునకు తూర్పుననున్న దాక్షారామమునందును, వసిష్ఠ కావలనున్న పాలకొల్లునందును వారికి బట్టల కొఠీలుండెను. చిఱివేరు రంగు అద్దిన మన నేతగాండ్ర బట్టలు మచిలీపట్టణమునుండి ఓడలెక్కెడివి. 1825లో ఆ స్థలములు ఆంగ్లేయుల వశమగువఱకు డచ్చివారి జాడ ఇచ్చట నుండెను. ఒకే దేశము ఒక చేత్తో మన బట్టను కొలుచుచు, వేఱొక చేత్తో ఈ బొమ్మలను ముద్రించుకొనుచుండెను.

లైకెను తక్కినవారివలె గీయలేదు. అతని మేఘములలో దేవదూతలు తఱచుగా కానరారు. చాలచోట్ల మరణక్షణమును విడిచి దానికి ముందటిదో వెనుకటిదో పట్టుకొనును. 1573లో ఆంట్వెర్పునందు మాయ్‌కెన్ వెన్సు అను తాపీపనివాని భార్యను కాల్చిరి. జనులతో మాటలాడకుండ ఆమె నాలుకకు మరచీల బిగించిరి. పదునైదేండ్ల పెద్దకొడుకు మూడేండ్ల తమ్ముని చంకనెత్తుకొని బల్లపై నిలిచి చూడబోయి మూర్ఛిల్లెను. తెలివివచ్చునప్పటికి అంతయు ముగిసినది. జనులు చెదరిన పిమ్మట వాడు బూడిదలో వెదకి ఆ మరచీలను కనుగొని తల్లి జ్ఞాపకముగా దాచుకొనెను. లైకెను గీచినది ఈ బూడిదలోని వెదకులాటను. మంటలేదు, తల్లి లేదు. ఇద్దఱు పిల్లలు, నేల, బూడిద. నగరసభలో తీర్పు చెప్పినవారు ఈ బొమ్మను చూచియుండినచో ఏమనుకొనెడివారో!

మంచుమీది చిత్రపు కథ యిది. ఆస్పెరెన్ అను చిన్న యూరివాడైన డిర్క్ విల్లెమ్స్ అనువాడు పెద్దవాడై బాప్తిస్మము పొందెను. తన యింట రహస్య ప్రార్థనలు జరిపి యితరులకు బాప్తిస్మ మిప్పించెను. 1569లో అధికారులు వెంటబడగా మంచుగట్టిన నీటిమీదుగా పరుగెత్తి ప్రాణభయముతో ఆవలి గట్టు చేరెను. వెంట వచ్చిన భటుని క్రింద మంచు పగిలెను. డిర్కు తిరిగి చూచెను. పరుగెత్తిన బ్రతుకును, నిలిచిన చచ్చును. అతడు వెనుకకు వచ్చి భటుని పైకి లాగి ప్రాణము కాపాడెను. భటుడు వానిని విడిచిపెట్ట గోరెను. కాని గట్టుమీదనుండి నగరాధికారి, నీ ప్రమాణమును జ్ఞాపకము తెచ్చుకొమ్మని గద్దించెను. భటుడు తనను కాపాడినవానిని పట్టి యిచ్చెను. 1569 మే 16వ తేదీని ఊరి వెలుపల డిర్కును కాల్చిరి. ఆనాడు బలమైన తూర్పుగాలి వీచి మంటను పై దేహమునుండి తొలగద్రోయగా అతడు చాలసేపు ప్రాణములతో కాలెను. గాలి వీచిన వైపుననున్న పొరుగూరివారు అతడు దేవుని పిలిచిన కేకలను డెబ్బదికి పైగా లెక్కపెట్టిరట. గుఱ్ఱముమీదనున్న అధికారి ఓర్వలేక మొగము త్రిప్పుకొని, త్వరగా ముగింపుమని తలారి కాజ్ఞాపించెను.

ఈ కథలో నన్ను మిక్కిలి కలచినది ఆ ప్రమాణము. డిర్కు ప్రమాణము చేయనని చెప్పిన సంఘములోనివాడు. భటుడు ప్రమాణము చేసి జీతము పుచ్చుకొనినవాడు. ఏది మేలో, ఏది కీడో ఆ తడిసిన భటునికి తెలియకపోలేదు. వణకుచు తన మనస్సు చెప్పిన మాట విననెంచెను. కాని అంతకుముందే తన మనస్సును ఇతరుల కప్పగించి యున్నాడు. ఇవ్వబడిన మాట, ఇచ్చినవాని చేతనే అతని మేలుకానిని చంపించెను. పునర్బాప్తిస్మవాదులు ప్రమాణము నేల నిరాకరించిరో తెలుపుటకు పదిసంపుటముల వాదముకంటె ఈ యొక్క గద్దింపు చాలును. చిత్రములో ఆ గద్దింపు లేదు. కేకను రేకుపై చెక్కుట యెవనికి శక్యము? అయినను కథ నెఱిగినవాడు ఆ చాచిన చేతులను చూచునపుడెల్ల ఆ కేక వినబడక మానదు.

మన దేశమునను మరణమును రాతిపై నిలిపిన సంప్రదాయము కలదు. తెలుగు సీమలలో వీరగల్లులు కోకొల్లలు. సాధారణముగా క్రిందిభాగమున యుద్ధము, నడుమ వీరుని గొనిపోవు అచ్చరలు, పైన శివసాన్నిధ్యము. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధములకు నేటికిని ఏటేట ఉత్సవము జరుగును. ఆ శిల్పములలో శౌర్యమున్నది, కృతజ్ఞత యున్నది. కాని వీరుని యెదుట కూలుచున్న శత్రువును చూడుడు. అతడు చిన్నవాడు, పేరులేనివాడు. బరోకు చిత్రములలోని తలారులవలె ఇతడును కథకు పనిముట్టు మాత్రమే. లైకెను రేకులో మునుగుచున్న భటునికి మొగమున్నది. ఆ మొగమున భయమున్నది. హతసాక్షి చిత్రములలో చంపవచ్చినవానికి ప్రాణముపోయు క్షణమును ప్రధానముగా చేసినది నేనెఱిగినంతలో ఇది యొక్కటే. మా పిల్ల పొరబడుటకు కారణ మిదియే. ఇరువురిని సమానులైన మనుష్యులుగా చూపినందున, ఎవరు ఎవరో పోల్చుకొనుట కష్టమైనది.

ఆ గ్రంథమునకు పట్టిన గతియు విచిత్రము. అమెరికాకు వలసపోయిన మెన్నొనైటుల కొఱకు 1748–49లో పెన్సిల్వేనియాలోని ఎఫ్రాటా మఠమువారు దానిని జర్మను భాషలో ముద్రించిరి. 15 మంది మూడేండ్లు శ్రమించిరి. ఆంగ్లేయులపై అమెరికనులు తిరుగబడిన కాలమున సైనికులు వచ్చి, అమ్ముడుపోక మిగిలిన కాగితములను పట్టుకొనిపోయి తుపాకి తూటాలు చుట్టుకొనిరి. ఆయుధము పట్టనివారి చరిత్ర తుపాకిలో పెట్టి కాల్చబడెను! లైకెను రేకులలో కొన్ని కాలాంతరమున కానకుండ పోయి, 20వ శతాబ్దమున జర్మనీలో మఱల దొరకినవి.

ఇక మనుష్యుల పయనము. హాలండునుండి తఱుమబడినవారు కొందఱు విస్తులా నది ముఖద్వారమున చేరి కట్టలు పోసి, కాలువలు త్రవ్వి బురదనేలను పంటభూములుగా మార్చిరి. లంకలలోను కాలువగట్లమీదను బ్రతుకు మనకు ఆ శ్రమ యెట్టిదో చెప్పనక్కఱలేదు. వారి సంతతివారు 1789 మొదలు రష్యా సామ్రాజ్యపు దక్షిణభాగమునకు, నేటి ఉక్రేనునకు, వలసపోయిరి. ఆ పల్లెలనుండియే అబ్రహాము ఫ్రీసెను దంపతులు 1889లో బయలుదేరి నిజాము రాజ్యములోని నల్లగొండకు వచ్చిరి. అమెరికాలోని వారి సోదరసంఘమువారు 1899లో హైదరాబాదు చేరిరి. మహబూబునగరము, నాగరుకర్నూలు, వనపర్తి, దేవరకొండ, గద్వాల, జడ్చర్ల మొదలగుచోట్ల పాఠశాలలు, వైద్యశాలలు వెలసినవి. నేడు ఆ తెలుగు సంఘమున లక్షకు పైబడి జనులున్నారు. ఆస్పెరెను మంచు పాలమూరి యెండలోనికి వచ్చిన మార్గ మిది.

ఆ సంఘమున చేరినవారిలో అత్యధికులు మాల మాదిగలు. వారికి బాధ యొకరు బొమ్మగీచి నేర్పవలసినది కాదు. ఊరిబావి నీరు ముట్టరాదు. వీధిలో చెప్పు తొడుగరాదు. ఈ యాజ్ఞలను ధిక్కరించినవారు తరతరములుగా పడిన దెబ్బలను చెక్కుటకు మనకొక లైకెను పుట్టలేదు. దూరపుకాలము మాట యేల? 1985లో కారంచేడున ఆర్గురు మాదిగలు, 1991లో చుండూరున ఎనమండ్రు దళితులు చంపబడిరి. తమ మర్యాదను తాము నిలుపుకొనగోరుటయే వారి నేరము. వారును సాక్షులే. వారి సాక్ష్యమును విన్నవా రెందఱు?

ఇచ్చట ఒక యపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. డిర్కు కథను వినినంతనే, "చూచితిరా, హింసించినవానిని ప్రేమింపవలెను, మీరును అట్లే యోర్చుకొనుడు" అని దెబ్బలు తినువానికి నీతి చెప్పుట మనబోటి గృహస్థులకు మిక్కిలి సులభము. అది మహాపాపము. డిర్కు చేతిని చాచుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. ఆజ్ఞాపించు నధికారము ఎవరికిని లేదు. ఆ ఔదార్యము అతని సొత్తు. మనము ఆ మంచుమీద లేము. నీటిలోను లేము. తడవని బట్టలతో గట్టుమీద నున్నాము. ఆ పటము మనల నడుగు ప్రశ్న, నీవు డిర్కువలె క్షమింపగలవా యని కాదు. ఆ భటుడు జంకి వదలగోరినప్పుడు గట్టుమీద నీవేమని కేకవేసితివి యని.

ఆ ప్రశ్న మనకు క్రొత్త కాదు. వంటయింటి గడప దాటరాని పనిమనిషిని మన బిడ్డ లోపలికి పిలిచినపుడు, కులాచారము జ్ఞాపకము లేదా యని గద్దించినదెవరు? వేఱు కులమువాని చేయి పట్టిన కూతును తండ్రి మనస్సు క్షమింపబోవుచుండగా, నలుగురిలో మాట పోవునని వెనుకకు లాగినదెవరు? ప్రతి యింటను జాలిగల భటుడొకడుండును. ప్రతి గట్టుమీదను నగరాధికారి యొకడుండును. ఊరిపెద్దలకు మున్నెప్పుడో ఇచ్చిన మాటను జ్ఞాపకముచేసి, కరుగుచున్న మనస్సును మఱల గడ్డకట్టించుట అతని పని. అతడు చేతులతో ఎవనిని కొట్టడు, ఎవనిని కాల్చడు. అందుచేతనే ఏ చిత్రములోను అతని దోషము కానరాదు.

సాయంకాలము మిత్రులు పటమును చుట్టుకొని బయలుదేరబోవుచుండగా మా చిన్నమ్మాయి మఱల వచ్చి, "భటునికి తరువాత నిద్ర పట్టినదా, నాన్నగారూ?" అని యడిగినది. దానికి గ్రంథములో సమాధానము లేదు. "అతనికి పట్టియుండదమ్మా. కాని గట్టుమీదనుండి కేక వేసినవానికి పట్టెనేమో, అదియే విచారింపవలసినది" అంటిని. పిల్లలకు మహనీయుల మరణములను చెప్పునపుడు చంపినవానిని, చచ్చినవానిని చూపి మనము ముగించుచున్నాము. ఇకమీద గట్టుమీద నిలిచినవారినిగూడ చూపి చెప్పుదము. అట్లు చెప్పినగాని మన పిల్లలు తమ స్థానమును గుర్తెఱుగరు.